మెట్లు లేని గిటారు

నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ మా ఇంటి వెనక నుంచి బొగ్గు బండి పోతుంటే, ముందుగదిలో గోడకు ఆనించి పెట్టిన గిటారు ఎవరూ ముట్టుకోకుండానే మోగింది. దాని లావుపాటి తీగకు ఆ అలవాటుంది. జనగామలో మా ఇల్లు రైలు పట్టాలకు మరీ దగ్గర. ప్యాసింజరు బండి పోతే వంటింట్లో గిన్నెలు మాత్రమే కదులుతాయి. బొగ్గు నింపుకున్న గూడ్సు పోతే నేల అదిరి, ఆ అదురు గిటారు చెక్కలోకి ఎక్కి, తీగ సన్నగా మూలుగుతుంది. మామూలుగా నేనో మా ఆవిడో వెళ్ళి దాని మీద అరచెయ్యి వేస్తాం, ఊరుకుంటుంది. నిన్న మాత్రం మా అక్క ఇంట్లో ఉంది. కంటి దవాఖానలో చూపించుకోవడానికి డోర్నకల్ నుంచి వచ్చింది. నోటి దాకా తెచ్చిన ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"ఇంక పల్కుతాందా అది?" అంది.

"గూడ్సు పోయినప్పుడల్ల పల్కుతది అక్కా."

మా ఆవిడ లేవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనియ్యి. బండి పోంగనె అదే ఊకుంటది" అంది. ముగ్గురం పళ్ళేల ముందు చేతులు ఆపుకుని, ఆఖరి పెట్టె దాటిపోయేదాకా ఆ మోత వింటూ కూర్చున్నాం. చారు చల్లారిపోయింది. మా ఆవిడకు చారు చల్లారితే కోపం వస్తుంది గాని, నిన్న ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చినవాళ్ళు ఆ గిటారును చూసి అడిగే ప్రశ్న ఒకటే. "సారూ, దీని మెట్లేవి?" గిటారు మెడ మీద అడ్డంగా వరసగా ఉండే సన్నటి లోహపు పట్టీలను వీణకు చెప్పినట్టే మెట్లు అంటారు. వేలు ఏ మెట్టు పక్కన నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. మెట్టున్నంత కాలం స్వరం తప్పుతుందన్న భయం లేదు. దీనికి అవి లేవు. మెడంతా నల్లగా, నున్నగా, అద్దంలా ఉంటుంది. తీగలు కూడా నాలుగే, అవీ లావుపాటివి. బేస్ గిటారంటారు దీన్ని. ఇంకో విశేషం, దగ్గరికి వెళ్ళి వాసన చూస్తే పాత గొంగడి వాసన వస్తుంది. వాసన చూడమని నేను అందరికీ చెప్తాను, చాలామంది మొహమాటానికి చూస్తారు. గొంగడి వాసనకూ కారణం ఉంది, మెట్లు లేకపోవడానికీ కారణం ఉంది. అయితే ముందు మా బావ గురించి చెప్పాలి.

బావంటే మా అక్క భర్త. పరకాల అవతల మొగుళ్లపల్లి ఆయన సొంతూరు. రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంటులో ఉద్యోగం వచ్చి డోర్నకల్‌లో దిగాడు, ఇంక అక్కడే ఉండిపోయాడు. రిటైరైన తర్వాత కూడా పట్టాల పక్కనే ఇల్లు కట్టుకున్నాడు, బండి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని. మాటలు తక్కువ. ఫోన్ చేస్తే "ఆఁ", "మంచిది", "పెడ్తాన్న" అనే మూడు మాటల్లో ముగించేవాడు. ఆ మూడింట్లో మొదటి రెండూ మనం చెప్పినదానికి జవాబులో కాదో తెలిసేది కాదు. పిల్లలు లేరు వాళ్ళకు. మాటలన్నీ అక్కవే, పాటలన్నీ అక్కవే. బావ మాత్రం వయసులో ఉన్నప్పటి నుంచీ ఆదివారం పూట గుడిలో బేస్ గిటారు వాయించేవాడు. మేం చర్చిని గుడి అనే అంటాం. ఆ గిటారు సంగతి ఎలాంటిదంటే, అది మోగుతున్నంతసేపు పాట వినేవాళ్ళకు అదొకటి ఉందనే తెలియదు. ఆపేస్తే మాత్రం ఏదో పోయిందని తెలుస్తుంది. బావ మనిషి కూడా అంతే.

అక్క పాట అక్కది కాదు, మా అవ్వది, అంటే అమ్మది. దంతాలపల్లిలో మా అవ్వ వరి కలుపు తీస్తూ కీర్తనలు పాడేది. గుడిలో ఒకలా, పొలంలో ఒకలా పాడాలని ఆమెకు తోచలేదు. నాట్ల పాటలో సాగదీసినట్టే కీర్తనలోనూ సాగదీసేది. ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరం మీదికి ఎగిరి దూకేది కాదు, ఒడ్డు దిగినట్టు మెల్లగా జారేది. వెనక వరసలో నడుము వంచి ఉన్న ఆడవాళ్ళంతా ఆ జారుడుకు తగ్గట్టే అందుకునేవాళ్ళు. అక్క ఆ వరసలో పెరిగింది. పెళ్ళై డోర్నకల్ పోయాక, ఏటా కోత పండుగ నాడు అవ్వ పాడిన కీర్తనే అక్క పాడేది. పండుగ దగ్గర పడుతోందంటే ఇంట్లో దాని సాధనే. నేను సెలవులకు పోతే, పప్పు తాలింపుకూ చరణానికీ మధ్య ఎక్కడా ఖాళీ ఉండేది కాదు. నాకు ఆ ఇల్లు గుర్తొస్తే ముందు తాలింపు వాసన, వెనకే ఆ పాట గుర్తొస్తాయి. ఇప్పటికీ రెండూ విడివిడిగా గుర్తురావు.

కొన్నేళ్ళ కింద అక్క మెడలో గడ్డ లేచింది. వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేసి తీశారు. గొంతు కొంచెం మారవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ప్రాణానికి భయం లేదన్న మాట ఒక్కటే విని మేం సంతోషపడ్డాం, రెండో మాట ఎవరికీ పట్టలేదు. గొంతు మారింది. బొంగురుపోయింది. అదొక్కటే అయితే ఫర్వాలేదు, పాట మధ్యలో ఆమెకు తెలియకుండానే కిందికి జారిపోయేది. ఒక చోట మొదలుపెట్టి, చరణం ముగిసేసరికి ఇంకెక్కడో తేలేది. గుడిలో అప్పటికి కీబోర్డు వచ్చింది. వాయించే యువకులు మంచివాళ్ళే, "అక్కా" అని నోరారా పిలిచేవాళ్ళే. ఆమె జారినప్పుడల్లా ఏదో బటన్ నొక్కి శ్రుతి మార్చేవాళ్ళు. వాళ్ళు మార్చేలోపల ఆమె మళ్ళీ జారేది. ఒక ఆదివారం ముందు వరస అమ్మాయిలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్క చూసింది. చరణం మధ్యలో ఆపేసి కూర్చుంది. తర్వాతి వారం నుంచి చెప్పులు విడిచే చోటు పక్కన, ఆఖరి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

ఎవరైనా పాడమంటే "గొంతు పోయింది తియ్యుండ్రి" అని నవ్వేసేది. నవ్వేది కాబట్టి ఆమెకు బాధ లేదనుకున్నాం. ఒకరోజు బావ నాకు ఫోన్ చేశాడు. ఆయనంతట ఆయన ఫోన్ చేయడమే ఒక వింత. 

"బామ్మర్ది, ఇంట్ల పాట లేదు" అన్నాడు. వెనక నుంచి బండి కూత వినిపిస్తోంది. "మీ అక్క వంట చేస్తది, ఉట్టిగనె చేస్తది. నాకు ఆ ఇంట్ల ఉండ బుద్ధయితలేదు."

కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందన్నాను.

"సర్దుకోదు. కీబోర్డుకు మెట్లే, నా గిటారుకు మెట్లే. మీ అక్క మెట్టుకు మెట్టుకు నడుమ పడిపోతాంది. నేనొకటి చేస్త. మెట్లే లేకుంట చేస్త. ఆమె ఏడికి పోతే నేను గాడికి పోత."

మా బావ అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు, దాదాపు అదే ఆఖరు కూడా. మెట్లు లేని గిటార్లు కొనడానికి దొరుకుతాయట. కొంటే సరిపోయేది కదా అని అడిగాను. "కొన్నదానికి చెయ్యి కొత్త. చేసిందానికి చేస్తాంటనే అలవాటయితది" అన్నాడు. నేను బడిలో సోషల్ చెప్పేవాణ్ణి, సంగీతం నాకు తెలియదు, అందుకని ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం వల్ల నా నెత్తిన పడిన పని ఏమిటంటే, విడి సామాన్ల పార్సిళ్ళన్నీ జనగామలో మా ఇంటి చిరునామాకు రావడం. డోర్నకల్‌కు తెప్పిస్తే అక్క అడుగుతుంది, ఏం చెప్పాలి అని బావ భయం. పాడమని ఎవరన్నా బతిమాలుతున్నట్టు తెలిస్తే ఆమె ఇంకా బిగుసుకుపోతుందని ఆయన లెక్క.

ముందు చెవులు వచ్చాయి, అంటే తీగలు బిగించే మరలు. తర్వాత తీగల రెండో కొస కట్టే ఇనుప పట్టీ వచ్చింది. మా ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిది కొబ్బరి తురుమేది గదా, మంచిగున్నది, మనకే ఉంచుకుందాం" అంది. తీగల మోతను కరెంటులోకి పంపే రెండు నల్లటి బిళ్ళలు వచ్చినప్పుడు పెట్టె మీద దుమ్ము ఉందని వాటిని తడిబట్టతో తుడవబోయింది, చివరి క్షణంలో పట్టుకున్నాను. తీగలు వచ్చినప్పుడు మాత్రం ఏమీ అడక్కుండా బట్టలారేసే దండేనికి కొలత చూసుకుంది. వచ్చినవాటిని వచ్చినట్టు సంచిలో వేసి, పైన సీతాఫలాలు కప్పి, పొద్దుటి బండిలో మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ తీసుకుపోయేవాణ్ణి. అక్క పండ్లు అందుకుని సంచి అలాగే బావ చేతికిచ్చేది. మా అక్క జీవితంలో పుట్టింటి సంచి అడుగు దాకా తడమకుండా వదిలింది అప్పుడే. దాన్ని బట్టే నాకు అర్థం కావాల్సింది, కాలేదు.

మెడ మాత్రం కొనలేదు. గుడి వెనక సామాన్ల గదిలో ఎప్పటిదో ఒక పాత బేస్ గిటారు పడి ఉండేది. ఒళ్ళంతా చెదలు తినేసి, మెడ మాత్రం మిగిలింది. అయ్యగారిని, అంటే పాస్టరు గారిని అడిగి బావ దాన్ని తెచ్చుకున్నాడు. అక్క ఇంట్లో లేని వేళ చూసి, పెరట్లో జామచెట్టు కింద స్టూలు వేసుకుని, సిగ్నల్ వైర్లు అతికిన చేత్తోనే, కాలే సోల్డరింగు పుల్లను ఒక్కొక్క మెట్టుకూ ఆనించి, అది వేడెక్కాక పటకారుతో మెల్లగా లాగేవాడు. ఒక్కొక్కటీ కీచుమని ఊడి వచ్చేది. ఊడిన వాటిని గాజు సీసాలో వేసి మూత పెట్టాడు. ఎందుకు దాస్తున్నావంటే "ఉండనియ్యి, పాపం" అన్నాడు. అవి ఊడిన చోట మెడ మీద సన్నటి గాళ్ళు, అంటే అడ్డంగా కోసిన గాట్లు, మిగిలాయి. ఆ గాళ్ళలో తెల్ల చెక్క పేళ్ళు పెట్టి అతికించాలని ఆయన ఆలోచన. మెట్లు ఉండవు గాని, ఎక్కడెక్కడ ఉండేవో తెల్లటి గీతలుగా కనబడతాయి. వాటిని చూసుకుంటూ వేలు పెట్టవచ్చు. మెట్లు లేని గిటారు వాయించేవాళ్ళు చాలామంది అలాగే చేయించుకుంటారట.

ఆ పనికి మొగుళ్లపల్లి పోయాం. బావ చిన్నప్పటి దోస్తు ఒకాయన అక్కడ వడ్లపని, అంటే వడ్రంగం, చేస్తాడు. జనగామ నుంచి హనుమకొండ, పరకాల మీదుగా బస్సులో. మెడను దుప్పట్లో చుట్టి ఒళ్ళో నిలబెట్టుకుంటే, పక్క సీటులో ముసలమ్మ చాలాసేపు జాలిగా చూసి, "కట్టె కాలా బిడ్డా? ఎవలికి ఇరిగింది?" అని అడిగింది. బావ "మా ఇంటామెకమ్మా" అన్నాడు. ఆమె పరకాలలో దిగేదాకా అక్క కోసం ప్రార్థన చేసి ఉంటుంది. దిగేటప్పుడు "మంచిగ నడుస్తది, రంది పడకు" అని బావ భుజం తట్టింది. బావ చెయ్యెత్తి దండం పెట్టాడు. నేను నవ్వాపుకోలేక కిటికీలోంచి పత్తి చేన్లు చూశాను.

గిటారు ఒంటికి కావలసిన చెక్క వడ్లాయన దగ్గరే ఉంది. బావ తల్లి గొంగళ్ళు దాచుకునే టేకు సందుగ ఒకటి ఆయన కొట్టంలో ఉండిపోయింది. గిటారుకు తేలిక చెక్క వాడతారని బావ ఎక్కడో చదివి చెప్పబోయాడు గాని వడ్లాయన విననే లేదు. "టేకు ఉండంగ గా పోచెక్క ఎందుకు? నూరేండ్లు ఉండాలె" అన్నాడు. మా వైపు వడ్లాయనకు మంచి చెక్క అంటే టేకు, ఇంక రెండో మాట లేదు. తలుపు చేసినా టేకే, మంచం చేసినా టేకే, గిటారు కూడా తలుపు వంటిదే ఆయన లెక్కలో. సందుగ పలకలు రెండు ఒకదాని మీద ఒకటి అతికించి, బావ గీసిచ్చిన బొమ్మ ప్రకారం కోసి, చివరి దాకా ఉలి పెట్టి గుండ్రం చేశాడు. అందుకే గొంగడి వాసన. అందుకే మోయలేనంత బరువు కూడా. మెడను ఆయన దగ్గరే వదిలి, గాళ్ళలో తెల్ల చెక్క పెట్టమని చెప్పి వచ్చేశాం.

మళ్ళీ పోయినప్పుడు వడ్లాయన గొంగడి కప్పి ఉంచినదాన్ని మా ముందు పెట్టి, పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు తీశాడు. నల్లటి మెడ లక్క పాలిష్‌తో నిగనిగలాడుతోంది. ఒక్క గీత లేదు. ఆయనకు ఆ గాళ్ళలో తెల్ల చెక్క పెట్టడానికి చేతులు రాలేదు. అతుకు బయటికి కనబడేలా చేయడం వాళ్ళింట్లో తండ్రి నాటి నుంచీ ఎవరూ చేయని పని. అందుకని అదే నల్ల చెక్క పొడిని బంకలో కలిపి గాళ్ళన్నీ పూడ్చి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది, కంటికి గాని వేలికి గాని దొరక్కుండా చేశాడు. మెడ అంచున గుర్తు కోసం ఉండే తెల్లచుక్కలను కూడా చెదలు కొట్టిన మచ్చలనుకుని పూడ్చేశాడు.

"అతుకేడుందో పట్టు సూద్దాం" అన్నాడు బావతో, మీసం కింద నవ్వుతూ.

బావ బొటనవేలితో మెడ పైనుంచి కింది దాకా తడుముకుంటూ వచ్చాడు. మళ్ళీ కింది నుంచి పైకి. ఆయన ముఖం చూస్తుంటే నాకు భయమేసింది. ఇన్నాళ్ళ పని బూడిదలో పోసినట్టయిందని తెలుస్తూనే ఉంది. చివరికి దోస్తు చెయ్యి పట్టుకుని, "దొరుకతలేదు రా. మంచిగ చేసినవ్" అన్నాడు. వడ్లాయన మా ఇద్దరికీ కల్లు తెప్పించాడు. బావ తాగడు, ఆయన వంతు కూడా వడ్లాయనే తాగి, తన పనితనం గురించి సాయంత్రం దాకా చెప్పాడు.

బస్సులో అడిగాను, "బావా, గీతలు లేకుంటె ఏలు ఏడ పెడ్తవ్?"

"వానికి మాత్రం చెప్పకు" అన్నాడు. ములుగు రోడ్డు దగ్గరికి వచ్చాక మళ్ళీ అన్నాడు. "సర్వీసంత దీపం సూసి, గీత సూసి పనిజేసిన. ఇప్పుడు చెవి పెట్టి సూస్త."

చెవి పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. నేను ఆ నెలలో ఒక ఆదివారం డోర్నకల్ పోయేసరికి, బావ వెనక వరండాలో గిటారు ఒళ్ళో పెట్టుకుని, అవ్వ కీర్తన మొదటి స్వరం కోసం వెతుకుతున్నాడు. దానికి కరెంటు తగిలించి చిన్న స్పీకరు పెట్టాడు. వేలు ఒక చోట పెట్టి మీటుతాడు, అది కాదు. కొంచెం జరుపుతాడు, అదీ కాదు. దాటిపోతాడు, వెనక్కి వస్తాడు. చీకట్లో దీపం బుడ్డి కోసం తడుముతున్నట్టే ఉంది. రోజూ ఇదేనట. వంటింటి గడప దగ్గర అక్క చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. ఒక్కొక్క తప్పు స్వరానికీ ఆమె చెయ్యి ఆగుతోంది. ముఖం చిట్లిస్తోంది. మళ్ళీ గింజ తీస్తోంది. అవ్వ వెనక వరసలో పెరిగిన చెవి అది, ఎంతసేపని ఓర్చుకుంటుంది.

"అది గాదు" అంది ఉన్నట్టుండి.

బావ ఆగాడు. తల తిప్పలేదు.

"ఇంక జర కిందికి" అంది. బావ వేలు జరిపాడు. "గంత గాదు." చింతపండు చేతులతోనే, కళ్ళు మూసుకుని, ఎక్కడో చెప్పడానికి ఆ స్వరం అంది. పాడలేదు, చూపించింది అంతే. బొంగురు గొంతు, అంచులు చిట్లిన గొంతు. బావ వేలు ఆ గొంతు వైపు జారి, దాని కిందికి వచ్చి నిలబడింది. రెండు మోతలూ ఒక్కటే అయిపోయి, వరండా నేల సన్నగా అదిరింది.

"ఆఁ. గది" అంది అక్క.

తర్వాతి స్వరం కూడా ఆమే చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాతిదీ. చూపిస్తూ చూపిస్తూ చరణం దాకా వచ్చింది. చరణం మధ్యలో ఎప్పటిలాగే గొంతు కిందికి జారింది. ఆమెకు తెలిసింది, భుజాలు బిగుసుకున్నాయి. కాని ఈసారి బావ వేలు కూడా ఆమెతో పాటే జారింది. ఆమె పడిన చోటల్లా అది ముందే వచ్చి ఉన్నట్టుంది. అక్క ఆగి, బావ వీపు వైపు చూసింది. మళ్ళీ అందుకుని, ఈసారి కావాలనే ఒకచోట సాగదీసింది. వేలు వెంట పోయింది. చివరి దాకా పాడింది. పూర్తయ్యాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు, జామచెట్టు వైపు తిరిగి నిలబడ్డాను. "తమ్మీ, చాయ్ తాగుతవా" అని అక్క అడిగిన గొంతులో ఏమీ లేదు, మామూలుగానే ఉంది. కొన్నాళ్ళ తర్వాత ఒకసారి చెప్పింది, సీతాఫలాల సంచి బరువు చేతికి తెలియదా అని.

ఆ ఏడు కోత పండుగకు అక్క పాడింది. మా గుడిలో ఆడవాళ్ళది ఒక వైపు, మగవాళ్ళది ఒక వైపు. వాయించేవాళ్ళు ముందు నిలబడి వాయిస్తారు. ఆ టేకు గిటారును మెడకు తగిలించుకుని నిలబడటం బావ వల్ల కాలేదు. కుర్చీ వేయాల్సి వచ్చింది, ఆ కుర్చీ తీసుకుపోయి ఆడవాళ్ళ వైపు, అక్క చాప పక్కన వేసుకున్నాడు. పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, అయ్యగారు చూడనట్టే బైబిలు తిరగేశారు. ముందు కానుకల గుట్ట. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. బావ మొదటి తీగ మీటగానే ఆ మోతకు కోళ్ళన్నీ ఒక్కసారి లేచి రెక్కలు కొట్టుకున్నాయి. పిల్లలు నవ్వారు. అక్క కూడా నవ్వింది, ఆ నవ్వులోంచే పాట ఎత్తుకుంది. కీబోర్డు వాళ్ళు చేతులు కట్టుకుని ఊరుకున్నారు. వెనక చాపల మీది ముసలమ్మలు ఎప్పుడో మరిచిపోయిన జారుడును ఒకరొకరుగా అందుకున్నారు. బాగా పాడిందని అందరూ అనలేదు. గొంతు మునుపటిలా లేదని అన్నవాళ్ళూ ఉన్నారు. అక్కకు అది పట్టలేదు. నాకైతే అవ్వ పొలం గుర్తొచ్చింది.

అట్లా కొన్ని పండుగలు గడిచాయి. వడ్లాయన ఒకసారి పనిగట్టుకుని వచ్చి, కుర్చీ పక్కన నిలబడి విని, "అతుకు ఎవలకన్న కనవడ్డదా?" అని అడిగి పోయాడు. పోయిన ఎండాకాలం ఒక ఉదయం, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే, బావ గుండె ఆగిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయాడు. బతికి ఉన్నప్పుడు కూడా చెప్పినవాడు కాదు. దినాలు అయిపోయి నేను బయల్దేరుతుంటే అక్క గిటారు తెచ్చి నా ముందు పెట్టింది.

"దీన్ని మీ ఇంటికి కొంచవో తమ్మీ. బండి పోయినప్పుడల్ల పల్కుతాంది. నేను లేసి పోయి సూస్తాన్న" అంది.

"మా ఇంటి కాడ గూడ బండ్లు పోతయ్ అక్కా."

"పోనియ్యి. దానికి గా సప్పుడు ఉండాలె."

ఆ తర్వాత అక్క పాడలేదు. మళ్ళీ చెప్పుల పక్కన ఆఖరి చాప మీద కూర్చుంటోందని తెలిసింది. ఈసారి ఎవరూ పాడమని అడగలేదు. నేనూ అడగలేదు.

నిన్న భోజనాలయ్యాక అక్క ముందుగదిలో చాప పరుచుకుని కూర్చుంది. పొద్దున దవాఖానలో కంట్లో మందు వేశారు, ఏదీ సరిగ్గా కనబడదు. "అది ఇటు తే" అంది. తెచ్చి ఇవ్వబోతే, "నాకెందుకు, నువ్వు పట్టుకో" అంది.

"నాకు రాదక్కా."

"నీకు వస్తదని ఎవలన్నరు. పట్టుకో."

ఒళ్ళో పెట్టుకున్నాను. తొడలు నొప్పి పుట్టే బరువు. లావు తీగ మీద ఎక్కడో ఒకచోట వేలు నొక్కి మీటాను. అక్క తల అడ్డంగా ఊపింది. జరిపాను, మళ్ళీ ఊపింది. చూసుకోవడానికి ఒక్క గీత లేదు, వడ్లాయన పుణ్యమా అని. "జర కిందికి" అంది అక్క. గొంతు సవరించుకుంది. తర్వాత ఆ స్వరం అంది. ఇన్ని నెలలు వాడని గొంతు, మునుపటికన్నా గీరుకుపోయింది, కాని అదే గొంతు. వంటింట్లో మా ఆవిడ నీళ్ళ చప్పుడు ఆపేసింది. నేను ఆ గొంతు పట్టుకుని వేలు జరుపుకుంటూ పోయాను. జరుపుతూ జరుపుతూ ఉండగా వేలి కింద ఏదో సన్నగా తగిలి, వేలు అక్కడ తనంతట తానే ఆగింది.

"ఆఁ. గదే" అంది అక్క.

వేలు తీసి, కిటికీ వెలుతురుకు వంచి చూశాను. అన్నీ నున్నగా ఉన్న ఆ నల్లటి మెడ మీద, ఆ ఒక్క చోట పాలిష్ అరిగిపోయి, గోరంత పల్లం పడి ఉంది. బావ ఆమె కోసం దిగి దిగి ఆగిన చోటు. పాత మెట్టు ఎక్కడ ఉండేదో నాకు తెలియదు గాని, ఇది దాని చోటు మాత్రం కాదనిపించింది. అక్కకు కనబడటం లేదు కదా, ఆమె చెయ్యి పట్టుకుని చూపుడువేలు దాని మీద పెట్టాను. ఆమె కాసేపు తడిమింది.

"మీ బావ ఏలు" అంది. వేలు తీయలేదు. అక్కడ ఉంచే చరణం ఎత్తుకుంది. మధ్యలో గొంతు జారింది. నాకు వెంట పోవడం చేతకాలేదు, తీగను మోగుతూ ఉండనిచ్చాను. ఆమె కొంత దూరం పోయి, ఎవరో వస్తారని ఎదురు చూసినట్టు ఆగి, తర్వాత ఒక్కతే చివరి దాకా పోయింది. అతుకు కనబడకూడదని వడ్లాయన అంత కష్టపడి రుద్దిన ఆ మెడ మీద బావ వాయించిన కొద్ది ఏళ్ళు గోరంత పల్లంగా మిగిలాయి; ఆయన బతికిన మిగతా కాలమంతా ఎటు పోయిందో, మా ఇద్దరిలో ఎవరమూ చెప్పలేం.